బొమ్మ పోయింది, ఫొటో ఉంది

ఏటా నాంపల్లి నుమాయిష్ చూసేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఆఖరి రోజు దాటాక కొద్దిరోజుల్లోనే ఆ మైదానంలో రేకులు, కర్రలు, చిరిగిన బ్యానర్లు తప్ప ఏమీ మిగలవు. 1939లో న్యూయార్క్‌లో మొదలైన ప్రపంచ ప్రదర్శన కూడా అలా విప్పి పారేయడానికి కట్టిందే. కాకపోతే అక్కడ పారేసినవాటిలో 16 అడుగుల ఎత్తున్న శిల్పం ఒకటుంది. దాని పేరు హార్ప్. చేసినావిడ ఆగస్టా సావేజ్ అనే నల్లజాతి శిల్పి. 1940 అక్టోబరులో ప్రదర్శన మూసేశారు. ఆ శిల్పాన్ని కంచులో పోత పోయించడానికి డబ్బు లేదు, ఎత్తుకెళ్ళి దాచడానికి చోటు లేదు. మిగతా కట్టడాలతో పాటు దాన్నీ కూల్చేశారు.

ఇవాళ ఆ శిల్పం ఎలా ఉండేదో మనకు తెలుసంటే ఫొటోల వల్లే. పన్నెండు మంది పిల్లలు వరసగా నిలబడి పాడుతుంటారు. అందరికంటే పొడుగు మనిషి ఒక కొసన, అక్కడినుంచి ఒక్కొక్కరూ కాస్త కాస్త తగ్గుతూ రెండో కొసకు వస్తారు. వాళ్ళ నిలువు అంగీల మడతలే వాద్యానికి తీగలు. కింద అందరినీ మోస్తూ ఒక పెద్ద చెయ్యి ఉంటుంది. మోచెయ్యి నుంచి వేళ్ళదాకా చాచిన ఆ చెయ్యి దేవుడిది. ముందు ఒక యువకుడు మోకాళ్ళ మీద కూర్చుని పాట స్వరాలున్న పలకను మనకు చాపుతుంటాడు. జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాసి, ఆయన తమ్ముడు రోజమండ్ బాణీ కట్టిన పాట ఈ శిల్పానికి మూలం. 1900లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో 500 మంది బడిపిల్లలు మొదటిసారి దాన్ని పాడారు. తర్వాత అది నల్లవాళ్ళ జాతీయగీతమన్నంత పేరు తెచ్చుకుంది. సావేజ్ తన శిల్పానికి ఆ పాట పేరే పెట్టుకున్నారు. హార్ప్ అన్నది ప్రదర్శన అధికారులు తగిలించిన పేరు. అందుకని ఇవాళ దాని గురించి లైబ్రరీ జాబితాల్లో వెతికేవాళ్ళు రెండు పేర్లతోనూ వెతకాలి.

అంత పనికి ఆమెకు ముట్టింది 360 డాలర్లు. ప్రదర్శనలో ఆ శిల్పం బొమ్మతో పోస్టుకార్డులు అమ్మారు. చేతిలో పట్టేంత చిన్న లోహపు నమూనాలు కూడా అమ్మారు. అసలుది పిండి పిండి అయిపోయింది గానీ, ఎవరో జ్ఞాపకంగా కొనుక్కెళ్ళిన ఆ చిన్న బొమ్మలు కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి.

ఇంత పెద్ద శిల్పాన్ని ప్లాస్టర్‌తో ఎందుకు చేశారు? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటే వినాయక చవితి విగ్రహాల పుణ్యమా అని మనందరికీ తెలిసిన సరుకే. జిప్సాన్ని వేడిచేసి నీరు పోగొడితే పొడి అవుతుంది. మళ్ళీ నీళ్ళు కలిపితే నిమిషాల్లో గట్టిపడుతుంది. శిల్పి ముందు మట్టితో బొమ్మ చేస్తారు, దాని మీద అచ్చు తీస్తారు, ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తారు. నిజానికి ఇది మధ్య మజిలీ. అక్కడినుంచి ఫౌండ్రీకి పంపి కంచు పోయించాలి, లేకపోతే పాలరాయిలోకి దింపించాలి. కంచంటే ఎంత ఖర్చో విగ్రహం చేయించిన ఏ ఊరి కమిటీని అడిగినా చెబుతారు. ఆ ఖర్చు భరించేవాళ్ళు దొరక్కపోతే పని ప్లాస్టర్ దగ్గరే ఆగిపోతుంది. వానకు నిలవదు, దెబ్బకు ఆగదు, ఇల్లు మారేటప్పుడు ఒక చెవో వేలో విరగక మానదు. సావేజ్ బొమ్మలు చాలావరకు అలా ప్లాస్టర్‌లోనే ఆగిపోయాయి. కంచులా కనపడేందుకు పైన రంగు పూసేవారు. హార్ప్ మీదా నల్లరాయిలా కనపడే రంగే. పేదవాళ్ళ శిల్పం ముందు పోతుందనేది నా అభిప్రాయం కాదు, ఆ పదార్థం స్వభావమే అంత.

ఆగస్టా 1892లో ఫ్లోరిడాలోని గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్‌లో పుట్టారు. పధ్నాలుగు మంది సంతానంలో ఏడో బిడ్డ. అక్కడి నేల ఇటుకలకు పనికొచ్చే ఎర్రబంకమట్టి. పిల్ల ఆ మట్టితో బాతులు, కోళ్ళు చేసేది. తండ్రి చర్చి బోధకుడు. బొమ్మలు చేయడం పాపమని ఆయన నమ్మకం, అందుకని గట్టిగా కొట్టేవాడు. ఆమె పదిహేనేళ్ళకే పెళ్ళి చేసుకుని, మరుసటి ఏడు తల్లయి, త్వరలోనే భర్తను పోగొట్టుకున్నారు. తర్వాత కుటుంబం వెస్ట్ పామ్ బీచ్‌కు మారింది. అక్కడ మట్టి దొరకలేదు. చివరికి ఒక కుమ్మరి దగ్గర కాస్త మట్టి అడిగి తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టారు. 1919లో ఆ జిల్లా సంతలో ఆమె బొమ్మలకు బహుమతి వచ్చింది. ఆ సంత నిర్వాహకుడే న్యూయార్క్ వెళ్ళి చదువుకోమని ఉత్తరం రాసిచ్చి పంపాడు. 1921లో కూపర్ యూనియన్‌లో చేరారు. అక్కడ ఫీజు లేదు. నాలుగేళ్ళ చదువు మూడేళ్ళలో ముగించారు.

ఇక్కడినుంచి కాగితాల కథ మొదలవుతుంది. 1923లో ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లోలో వేసవి కళాశాలకు ఆమె దరఖాస్తు పెట్టారు. ఎంపిక చేసే అమెరికన్ కమిటీ తిరస్కరించింది. కారణం ఆమె రంగు. దక్షిణాది నుంచి వచ్చే తెల్ల అమ్మాయిలు ఆమెతో కలిసి ప్రయాణం చేయడానికి ఇష్టపడరని వాళ్ళ సమాధానం. ఊరుకుంటే ఆ సంగతి అంతటితో ముగిసేది. ఆమె పత్రికలకు ఎక్కారు. వార్తలు, సంపాదకీయాలు, కమిటీకి ఉత్తరాలు, కమిటీ నుంచి జవాబులు వచ్చాయి. తీర్పు మారలేదు. ఆ కమిటీలో హెర్మన్ మెక్‌నీల్ అనే శిల్పి ఒక్కరే సిగ్గుపడి, తన స్టూడియోలో నేర్పిస్తానని ఆమెను పిలిచారు. ఇది ఇంత వివరంగా మనకు ఎలా తెలిసింది? ఆనాటి పత్రికల కత్తిరింపులు ఉన్నాయి. డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ దగ్గర ఉత్తరాల కట్టలు ఉన్నాయి.

డుబాయిస్ నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన పండితుడు. హార్లెం లైబ్రరీ కోసం ఆయన ముఖాన్ని శిల్పంగా మలిచిన మనిషి సావేజే. ఆయనకో మంచి అలవాటు ఉండేది. వచ్చిన ఉత్తరాలు దాచుకునేవారు, తను రాసిన జవాబులకు కార్బన్ కాపీలు పెట్టుకునేవారు. 1963లో ఆయన ఘనాలో చనిపోయాక, 1973లో ఆ కాగితాలు మాసచూసెట్స్ విశ్వవిద్యాలయానికి చేరాయి. లక్ష పైచిలుకు కాగితాలు. అన్నీ స్కాన్ చేసి ఎవరైనా చూసుకునేలా పెట్టారు. అందులో సావేజ్ కూడా ఉన్నారు. 1925 ప్రాంతంలో రోమ్‌లో చదువుకోవడానికి ఆమెకు స్కాలర్‌షిప్ వచ్చేలా డుబాయిస్ సాయం చేశారు. స్కాలర్‌షిప్‌లో ఫీజు కలిసింది గానీ ఓడ టికెట్టు, తిండి, గది కలవలేదు. అప్పటికి ఆమె లాండ్రీలో పనిచేస్తూ తన కుటుంబాన్ని పోషిస్తున్నారు. వెళ్ళలేకపోయారు. అవకాశం రావడమూ, అది చేజారడమూ రెండూ ఆ ఉత్తరాల వల్లే తెలుస్తాయి.

1929లో రోజన్‌వాల్డ్ ఫండ్ అనే సంస్థ ఫెలోషిప్ ఇచ్చింది. గమిన్ అనే చిన్న బొమ్మ చూసి ఇచ్చింది. తొమ్మిది అంగుళాలు ఉంటుందేమో, టోపీ పక్కకు వాల్చుకుని, కాస్త మూతి బిగించి చూసే హార్లెం వీధి కుర్రాడి తల. ఆమె పనుల్లో ఇవాళ అందరికీ తెలిసినది ఇదే. ఆ ఫెలోషిప్‌తో పారిస్ వెళ్ళారు. ఆ సంస్థతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఇప్పుడు టెనెస్సీ రాష్ట్రం నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో, ఆ ఫండ్ దస్త్రాల మధ్య ఉన్నాయి. డబ్బు ఇచ్చినవాళ్ళకు ఫైలు పెట్టే అలవాటు ఉంటుంది. తీసుకున్నవాళ్ళకు అద్దె ఇల్లు మారే అలవాటు ఉంటుంది. శిల్పి చరిత్ర శిల్పి ఇంట్లో కంటే దాతల ఆఫీసులో భద్రంగా ఉండడానికి కారణం ఇంతే. అందుకని ఏ శిల్పి జీవితం వెతకాలన్నా, ముందు ఆ మనిషి ఎవరెవరికి ఉత్తరాలు రాసి ఉంటారో జాబితా వేసుకోవాలి.

పారిస్ నుంచి వచ్చాక హార్లెంలో సావేజ్ స్టూడియో పెట్టారు. ఎవరొచ్చినా నేర్పేవారు. 1937లో ప్రభుత్వ పథకం కింద హార్లెం కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ తెరిచినప్పుడు దానికి మొదటి డైరెక్టర్ ఆమే. జేకబ్ లారెన్స్ అనే చిత్రకారుడి పేరు మీరు వినే ఉంటారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ప్రభుత్వ పథకంలో చేర్పించడానికి ఆమె తీసుకువెళ్తే, ఇంకా ఇరవయ్యొక్కేళ్ళు నిండలేదని వెనక్కి పంపేశారు. అతను ఆ మాట మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. ఏడాది తర్వాత మళ్ళీ వెంటబెట్టుకుని వెళ్ళి చేర్పించారు. హార్ప్ పని కోసం డైరెక్టర్ పదవికి సెలవు పెట్టి, పని అయ్యాక తిరిగి వస్తే ఆ కుర్చీలో వేరేవాళ్ళు ఉన్నారు. శిల్పమూ పోయింది, ఉద్యోగమూ పోయింది. 1945 ప్రాంతంలో న్యూయార్క్ విడిచి సాగర్టీస్ అనే పల్లెకు వెళ్ళిపోయి, కోళ్ళు పెంచుకుంటూ, పిల్లలకు బొమ్మలు నేర్పుకుంటూ బతికారు. 1962లో కన్నుమూశారు. ఇప్పుడు ఆమె బొమ్మల్లో చాలావాటికి ఆచూకీ లేదు.

ఆ లేనివాటిలో ఒకటి రియలైజేషన్. దాని పక్కన సావేజ్ నిలబడి ఉన్న ఫొటో ఒకటి ఉంది. 1938లో ఆండ్రూ హెర్మన్ అనే ఫొటోగ్రాఫర్ తీశాడు. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం పనిలేని కళాకారులకు జీతాలిచ్చి బొమ్మలు వేయించింది. వాళ్ళు పనిచేస్తుండగా ఫొటోలు తీయడానికి ఒక విభాగమే పెట్టింది. ఆ విభాగం ఫొటోలు ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థలోని అమెరికన్ కళాపత్రాల భాండాగారంలో ఉన్నాయి. ఫొటోలో ఒక స్త్రీ, ఒక పురుషుడు దగ్గర దగ్గరగా ఒదిగి ఉంటారు, దాదాపు మనిషంత పరిమాణంలో. పక్కన శిల్పి పని దుస్తుల్లో ఉంటారు. శిల్పి పక్కన ఉండడం వల్లే బొమ్మ ఎంత పెద్దదో తెలుస్తోంది. ఒంటరిగా బొమ్మను మాత్రమే తీసుంటే, అది అరచేతిలో పట్టేదో గుమ్మంలో పట్టనిదో చెప్పలేము. ఫొటోగ్రాఫర్ పేరు, సంవత్సరం, శిల్పం పేరు, శిల్పి పేరు ఫొటోతో పాటే నమోదయి ఉన్నాయి. ప్రభుత్వ గుమాస్తా పని అంటే మనకు చిన్నచూపు గానీ, ఈ నాలుగు ముక్కలూ రాసిపెట్టిన ఆ అజ్ఞాత గుమాస్తాకు కళా చరిత్రకారులు దండం పెట్టాలి. ఆ నాలుగు ముక్కలూ లేకపోతే అది ఎవరో నల్లావిడ ఏదో బొమ్మ పక్కన నిలుచున్న ఫొటో, అంతే.

స్త్రీ శిల్పుల విషయంలో ఫొటోకు ఇంకో పని కూడా ఉండేది. అది సాక్ష్యం పని. సావేజ్ కంటే రెండు తరాల ముందు హారియెట్ హోస్మర్ అనే అమెరికన్ ఉండేవారు. 1852లో రోమ్ వెళ్ళి శిల్పం నేర్చుకున్నారు. జెనోబియా అనే ఆమె పెద్ద పాలరాతి శిల్పాన్ని 1862లో లండన్‌లో ప్రదర్శిస్తే, మరుసటేడు అక్కడి పత్రికలు అది ఆవిడ చేసింది కాదని, ఇటాలియన్ పనివాడెవరో చేశాడని రాశాయి. ఆడమనిషి అంత రాయి ఎలా చెక్కుతుందన్నది వాళ్ళ అనుమానం. ఆమె కోర్టుకు లాగుతానని బెదిరించి ఆ రాతను వెనక్కి తీయించారు. 1864లో శిల్పం ఎలా తయారవుతుందో వివరిస్తూ ఒక వ్యాసం కూడా రాశారు. రాయి చెక్కే కూలీ పని మగ శిల్పుల దగ్గరా పనివాళ్ళే చేస్తారని అందులో తేటతెల్లం చేశారు. ఆ రోజుల్లోనే తీసిన ఆమె ఫొటో ఉంది. సెయింట్ లూయిస్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న, బెంటన్ అనే ఆయన విగ్రహానికి మట్టి నమూనా చేస్తూ ఆమె నిచ్చెన ఎక్కి ఉంటారు. మనిషి చిన్నది, బొమ్మ కొండంత. ఎవరు చేశారనే ప్రశ్నకు ఆ నిచ్చెనే జవాబు. ఆమె ఉత్తరాలు, ఫొటోలు హార్వర్డ్‌లో స్త్రీల చరిత్ర కోసం పెట్టిన ష్లెసింగర్ లైబ్రరీలో ఉన్నాయి. ఆమెకు డబ్బున్న స్నేహితులు ఉన్నారు, కాగితాలు నిలిచాయి. అదే రోమ్‌లో, అదే కాలంలో పనిచేసిన ఎడ్మోనియా లూయిస్ అనే శిల్పికి అలాంటి అండ లేదు. ఆవిడ 1907లో లండన్‌లో చనిపోయారన్న సంగతి ఈ శతాబ్దంలో పాత రికార్డులు తవ్వితే గానీ బయటపడలేదు.

మళ్ళీ సావేజ్ దగ్గరికి వద్దాం. ఆమె సొంత కాగితాలు కొన్ని న్యూయార్క్‌లోని షాంబర్గ్ సెంటర్‌లో ఉన్నాయి. అది హార్లెంలో 135వ వీధి లైబ్రరీ. ఆర్తురో షాంబర్గ్ అనే పోర్టోరికో మనిషి, నల్లవాళ్ళకు చరిత్ర లేదన్న మాట పడలేక జీవితమంతా పుస్తకాలు, ఉత్తరాలు, చిత్రాలు పోగుచేశాడు. 1926లో ఆ సేకరణను కార్నెగీ సంస్థ ఇచ్చిన 10,000 డాలర్లతో లైబ్రరీకి కొన్నారు. సావేజ్ డుబాయిస్ ముఖశిల్పం చేసింది ఈ లైబ్రరీ కోసమే. 2018లో జాక్సన్‌విల్‌లోని కమర్ మ్యూజియంలో జెఫ్రీన్ హేస్ ఆమె మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు, ఉన్న కొద్ది శిల్పాల పక్కన ఉత్తరాలకు, ఫొటోలకు కూడా గోడలమీద చోటిచ్చారు. ఆ తర్వాతి ఏడు అది న్యూయార్క్ కూడా వెళ్ళింది.

ఇక భద్రపరచడం సంగతి. సావేజ్ ఫొటోల కాలం నాటివే మన ఇళ్ళలోనూ ఉన్నాయి. స్టూడియో ముద్ర ఉన్న నలుపు తెలుపు ఫొటోలు. ఆ కాగితం మీద జెలటిన్ పూత, అందులో సన్నని వెండి రేణువులు ఉంటాయి. జెలటిన్ అంటే జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసే జిగురు పదార్థం. అందుకే దాన్ని బొద్దింకలూ, వెండి రంగులో మెరిసే ఆ సన్న పురుగులూ ఇష్టంగా కొరుకుతాయి. చెమ్మ తగిలితే ఆ పూత ఉబ్బి ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు పడుతుంది. మన కోస్తా జిల్లాల్లో ఏడాదిలో చాలా నెలలు అంతకు తగ్గదు. హార్వర్డ్ లైబ్రరీకి ఏసీ గదులున్నాయి, మనకు బీరువా ఉంది. ఇనప బీరువా నిజానికి చెడ్డ ఏర్పాటు కాదు. బయటి గోడకు ఆనించకుండా, నేలమీద కాకుండా రెండు చెక్కల మీద పెట్టి, ఎండాకాలం ముగిసేలోపు ఒకసారి తీసి పంకా గాలికి ఆరబెడితే చాలా వరకు కాపాడినట్టే. అటక మీద ట్రంకు పెట్టె మాత్రం వద్దు. మేడ కప్పు కింద మధ్యాహ్నం వేడికి, రాత్రి చల్లదనానికి ఫొటో రోజూ సాగి ముడుచుకుంటూ ఉంటుంది.

అంతకంటే ముఖ్యం, మనం చేసే మంచి పనులతో వచ్చే చెడు. చిరిగిన ఉత్తరాన్ని ప్రేమగా సెల్లోటేపుతో అతికిస్తాం. పదేళ్ళకు టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి పసుపుపచ్చ చారగా మిగిలిపోతుంది. లామినేషన్ చేయిస్తాం. అది వేడితో, ప్లాస్టిక్‌తో కాగితాన్ని సజీవ సమాధి చేయడమే, మళ్ళీ విడదీయలేం. పెళ్ళి ఆల్బం షాపుల్లో దొరికే జిగురు పేజీల ఆల్బంలో పెడతాం, పదిహేనేళ్ళకు ఫొటో రాదు, పేజీ వస్తుంది. గుండు సూదులు తుప్పు పట్టి చిల్లులు పెడతాయి, రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుంటాయి. వేపాకులు వేసేవాళ్ళు ఉన్నారు, ఆకు నేరుగా కాగితానికి తగిలితే మరక పడుతుంది. కలరా ఉండలు వేస్తే పురుగులు పోతాయనుకుంటాం, ఫొటోల మధ్య వేయాల్సినవి కావవి. ఇన్ని వద్దులు చెబితే విసుగే. అయినా చేయకుండా ఊరుకోవడమే భద్రపరచడంలో సగం పని.

పత్రికల కత్తిరింపులకు వేరే గొడవ. ఆ కాగితం కలప గుజ్జుతో చవగ్గా చేసింది, దానిలోనే యాసిడ్ పుడుతుంది. అది తను నల్లబడడమే కాదు, పక్కనున్న ఉత్తరానికీ అదే రంగు అంటిస్తుంది. ఫాంటెన్‌బ్లో గొడవ మీద 1923లో అచ్చయిన వార్త ఏదైనా ఒక ఉత్తరంతో పాటు మడతపెట్టి ఉంటే, ఆ ఉత్తరం మీద ఆ వార్త ఆకారంలో గోధుమరంగు దీర్ఘచతురస్రం పడుతుంది. కత్తిరింపును మంచి కాగితం మీద జిరాక్స్ తీయండి. అసలుదాన్ని వేరే కవరులో పెట్టండి. ఏ ఉత్తరం దగ్గర దొరికిందో కవరు మీద రాయండి. ఇక నెగటివ్‌లు. పాత ఫిల్ము పెట్టె తెరిస్తే పులిసిన వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము చెడిపోవడం మొదలైందని అర్థం. ఆ వాసన పక్కవాటినీ చెడగొడుతుంది, వెంటనే వేరు చేసి, ముందు వాటినే స్కాన్ చేయించాలి.

స్కాన్ చేస్తే సరిపోదా అని అడుగుతారు. చేయండి, తప్పకుండా చేయండి, రెండు మూడు చోట్ల దాచండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి. అందరూ మరిచిపోయేది ఇదే. ఫొటోగ్రాఫర్ ముద్ర, ఊరు, ఎవరి చేతిరాతో, ఎవరికి పంపారో అన్నీ వెనకే ఉంటాయి. రాయాల్సి వస్తే మెత్తని పెన్సిలుతో, అంచు దగ్గర, నెమ్మదిగా రాయాలి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు గీతలా తేలుతుంది. ఈ మధ్య కాలం ప్లాస్టిక్ పూత ఫొటోల మీద పెన్సిలు పడదు, అప్పుడు కవరు మీద రాయాలి.

మన వైపూ మట్టి పట్టిన ఆడవాళ్ళు ఉన్నారు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో శిల్పం చదివినవాళ్ళు, ఊరి కూడలిలో విగ్రహం చేసి పలక మీద పేరు వేయించుకోనివాళ్ళు, స్కూలు డ్రాయింగ్ టీచరుగా రిటైరయినవాళ్ళు. వాళ్ళ ఇంట్లో కాగితాలు సర్దేటప్పుడు పిల్లలు సాధారణంగా బహుమతులు, సన్మానపత్రాలు దాచి, బిల్లులు పారేస్తారు. నా లెక్కలో అది తలకిందుల పని. సన్మానపత్రంలో ఉండేది విశేషణాలు. ఫౌండ్రీ బిల్లులో కంచు ఎన్ని కిలోలు, ఎన్ని ప్రతులు పోశారు, ఎప్పుడు, ఎవరు డబ్బు కట్టారు అన్నీ ఉంటాయి. మట్టి కొన్న చీటీ, లోపలి ఇనప ఊచల చట్రానికి కొలతలు వేసుకున్న నోటు పుస్తకం చివరి పేజీ, కమిటీవాళ్ళు ముక్కు మార్చమని రాసిన ఉత్తరం, బొమ్మ సగంలో ఉన్నప్పుడు తీసుకున్న మసక ఫొటో, వీటితోనే చరిత్ర రాస్తారు. పూర్తయిన బొమ్మను నాలుగు వైపుల నుంచి తీయించండి. పక్కన మనిషినో, కొలబద్దనో నిలబెట్టి తీయించండి.

సర్దేవాళ్ళకు ఇంకొక్క మాట. ఆ శిల్పి కట్టిన కట్టలను విప్పి తేదీల వరసలో పెట్టాలన్న ఉత్సాహం వస్తుంది. ఆగండి. ఒక కట్టలో అద్దె రసీదు, ఫౌండ్రీకి రాసిన ఉత్తరం, కూతురి బడి ఫీజు చీటీ కలిసి ఉంటే, ఆ నెల ఆమె ఏం మోస్తూ ఏం చేశారో ఆ కలయికే చెబుతుంది. విడదీస్తే మూడు కాగితాలు, అంతే. కట్టను ఉన్నట్టే ఫొటో తీసి, నంబరు వేసి, తర్వాత దుమ్ము దులపండి.

ఇంట్లో పెట్టుకోలేమనుకుంటే ఏదైనా విశ్వవిద్యాలయ లైబ్రరీకో, కళాశాలకో, రాష్ట్ర ఆర్కైవ్స్‌కో ఇవ్వవచ్చు. ఇచ్చేముందు చూడటానికి ఎవరికి అనుమతిస్తారో, అచ్చు వేసుకునే హక్కు ఎవరిదో, స్కాన్ ప్రతులు మీకు ఇస్తారో లేదో అడగండి. అన్నీ ఒప్పుకున్నాక జాబితాను రెండు ప్రతులు రాయండి. ఒక్కో ఫొటోకు, ఒక్కో కట్టకు నంబరు వేయండి. తీసుకున్నవాళ్ళ సంతకం, తేదీ మీ దగ్గర ఉండే ప్రతి మీద కూడా వేయించుకోండి.